తాతగారి మౌజర్ స్థానంలోకి .315 రైఫిల్ వచ్చిన కథ

2024 ఎన్నికల కోడ్ మార్చి 16న అమలులోకి రాగానే లైసెన్సు తుపాకులన్నీ స్టేషనులో అప్పగించాలని కబురు వచ్చింది. ఇది ప్రతి ఎన్నికలకూ ఉన్నదే కనుక నాన్నగారు ఎప్పటిలాగే తన రెండు ఆయుధాలనూ, అంటే పన్నెండు బోరు జోడు గొట్టాల తుపాకీని, తాతగారి కాలం నాటి మౌజర్ రైఫిల్‌ను, పాత దుప్పటిలో చుట్టించి నా చేత పంపించారు. ఓట్ల లెక్కింపు అయిన తరువాత జూన్ నెలలో వెళ్లి తెచ్చుకున్నాను. ఇంటికి వచ్చి దుప్పటి విప్పితే జోడు తుపాకీ గొట్టాల మీద ఎర్రటి పొడి కనిపించింది, మౌజర్‌లో తూటాను లోపలికి తోసి గొట్టాన్ని వెనుక నుంచి మూసే కడ్డీ, అంటే బోల్టు, దాని పిడి మాత్రం ఎంత లాగినా పైకి లేవలేదు. తేమ పట్టే గదిలో మూడు నెలలు గోడకు ఆనించి ఉంచారన్నది నిజమే. అయితే తప్పు అంతా అక్కడిదే అనడానికి నాకు నోరు రాదు, ఎందుకంటే అప్పగించే ముందు రోజు రాత్రి దానికి శుభ్రంగా కొబ్బరినూనె పట్టించినది నేనే.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. మందసకూ సముద్రానికీ మధ్య జీడితోట, కొబ్బరితోట ఉన్నాయి. ఆకాశం తేటగా ఉన్న రోజున పడమటి వైపు మహేంద్రగిరి కనిపిస్తుంది, గాలి మాత్రం ఏడాదిలో ఎక్కువ రోజులు తూర్పు నుంచి ఉప్పును మోసుకు వస్తుంది. మా ఇంట్లో కిటికీ గొళ్లెం కూడా రెండేళ్లకు మించి నిలవదు. అటువంటి చోట ఇనుమూ కర్రా కలిసిన వస్తువును నమ్మకంగా ఉంచుకోవడం ఎలాగ అన్న ప్రశ్న నిజానికి ఆ జూన్ నెలలోనే నాకు మొదలైంది.

మా మావయ్య సైన్యంలో మరమ్మతులు చూసే ఈఎంఈ విభాగంలో ఆయుధాలు బాగుచేసే ఆర్మరర్‌గా పనిచేసి రిటైరయ్యారు. కబురు చేస్తే మరునాడే సంచీతో వచ్చారు. బోల్టు మీద వేలు రాసి వాసన చూసి, "ఏటల్లుడూ, దీనికి కొబ్బరినూని రాసినారా? ఇదేటి జడనుకున్నారా?" అన్నారు. తలకు రాసే నూనె గాలి తగిలి, దుమ్ము పట్టి జిగురుగా మారుతుందనీ, పలుచగా ఉండి తేమను దూరంగా ఉంచే రైఫిల్ నూనె వేరే ఉంటుందనీ ఆయన చెప్పే వరకు మా ఇంట్లో మూడు తరాలుగా ఎవరికీ తోచలేదు. కిరసనాయిలులో గుడ్డ ముంచి, ఒక పూటంతా నానబెట్టి, కొయ్య సుత్తితో మెల్లగా తట్టగా బోల్టు లేచింది.

ఆ బోల్టు బయటికి వచ్చిన తరువాత మావయ్య ముఖంలో కనిపించిన ఆనందం నాకు ఇప్పటికీ గుర్తుంది. అది 1898 నాటి మౌజర్ పద్ధతిలో చేసిన బోల్టు. ముందు భాగాన రెండు బలమైన చెవులు ఉంటాయి. పిడి కిందికి దించగానే అవి గొట్టం మొదట్లోని గాళ్లలో బిగుసుకుని, తూటా పేలినప్పుడు పుట్టే ఒత్తిడి మొత్తాన్ని కాస్తాయి. పక్కన పొడవాటి కొంకి ఒకటి ఉంది. తూటాలు నింపే మేగజైను నుంచి తూటా పైకి రాగానే దాని అడుగును ఆ కొంకి పట్టుకుంటుంది, ఖాళీ గుల్ల బయటికి పడే వరకు వదలదు. అందువల్ల తుపాకీ ఏ వంకన ఉన్నా తూటా జారిపోదు. నూరేళ్లకు దగ్గరపడిన ఆ కొంకిలో సడలింపు లేదని ఆయన నాలుగైదు సార్లు ఆడించి చూపించారు. తరువాత గొట్టం వెనుక నుంచి వెలుగు చూసి ఏమీ అనకుండా నా చేతికి ఇచ్చారు. లోపల మెలితిరిగిన గాళ్లు అద్దంలాగ మెరవవలసిన చోట మశూచి మచ్చల వంటి గుంటలు ఉన్నాయి. "బోల్టు బంగారం, గొట్టం మన్ను" అని మాత్రం అన్నారు.

ఆ గుంటలకు కారణం మూడు నెలల స్టేషను వాసం కాదు. పాతకాలపు తూటాల అడుగున నిప్పు పుట్టించే క్యాపులలో వాడిన మందు కాలినప్పుడు ఉప్పు వంటి పదార్థం గొట్టంలో మిగులుతుంది. అది తేమను పీల్చి ఇనుమును తింటుంది. కాల్చిన రోజునే వేడినీళ్లు పోసి కడిగి, ఆరబెట్టి, నూనె గుడ్డ లాగితే తప్ప ఆ ఉప్పు పోదు, ఉత్త నూనెకు అది కరగదు. తాతగారు అడవి నుంచి వచ్చాక గొట్టంలోకి నూనె గుడ్డ లాగి గోడకు తగిలించేవారని నాన్నగారు చెప్పారు. శ్రద్ధ ఉంది, కావలసినది వేడినీళ్లు.

అంతకంటె పెద్ద చిక్కు తూటాలది. మా మౌజర్ బోరు, అంటే గొట్టం లోపలి వెడల్పు, 10.75 మిల్లీమీటర్లు. ఒకప్పుడు పెద్ద జంతువుల వేటకు మన దేశంలో బాగా వాడిన బోరే. ఇప్పుడు ఆ తూటాల కోసం విశాఖపట్నంలోనూ, బరంపురంలోనూ, తెలిసినవారి ద్వారా హైదరాబాదులోనూ అడిగించాము, దొరకలేదు. ఇంట్లో ఉన్నవి ఏడు. అవి నా వయసుకంటె పెద్దవి. నాన్నగారు యవ్వనంలో అదే పెట్టెలోని తూటాతో అడవిపంది మీద గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కితే టిక్కుమని ఊరుకుందట. ఏమైందోనని తుపాకీ దించబోతుండగా, ఒక క్షణం ఆలస్యంగా అది పేలి ముందున్న చింతమొద్దును చీల్చిందట. పేలని తూటా ఉన్నప్పుడు గొట్టాన్ని సురక్షితమైన వైపే ఉంచి కనీసం అర నిమిషం ఆగాలన్న నియమం ఆ రోజున ఆయనకు ఎవరూ చెప్పలేదు. పక్కన నిలబడిన మనిషి అడుగు ముందుకు వేసి ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ ఆయన ఆ మాట తలచుకుని ఆగిపోతారు.

ఇక్కడ ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. నేను వేటగాడిని కాను, మౌజర్‌కు బదులు తెచ్చుకున్న .315 రైఫిల్‌ను వేట ఆడాలని కొనలేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన తరువాత కూడా కొంతకాలం కొన్ని జంతువులకు అనుమతి పత్రాల మీద వేట సాగింది, 1991 సవరణతో ఆ దారి మూసుకుపోయింది. మా ప్రాంతంలో ఎలుగుబంట్లు జీడితోటల్లోకి రావడం కొత్త కాదు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఎలుగు దాడికి ఒకరు చనిపోయి, మరికొందరు గాయపడిన తరువాత తోటకు ఒంటరిగా వెళ్లడానికి మనుషులు భయపడ్డారు. అయినా ప్రాణం మీదికి వచ్చినప్పుడు, మరి గత్యంతరం లేని స్థితిలో, సద్బుద్ధితో చేసిన ఆత్మరక్షణను మాత్రమే చట్టం నేరం కాదంటుంది, తోటలో కనిపించిందని కాల్చడాన్ని ఒప్పుకోదు. మేము తోటకు గుంపుగా, టార్చిలైటుతో, డబ్బా కొట్టుకుంటూనే వెళతాము. అందుచేత బజారులో దీన్ని వేట రైఫిల్ అన్నప్పటికీ మా ఇంట్లో అది ఆత్మరక్షణకు ఉన్న ఆయుధం, ఎప్పుడైనా షూటింగు రేంజిలో కాగితం మీద గురి చూసుకునే సాధనం. మరి ఎందుకు అంత వెతుకులాట అని అడిగేవారికి నా జవాబు ఒకటే: తాతగారి నుంచి వచ్చిన లైసెన్సును వదులుకోవడానికి నాన్నగారు ఒప్పుకోలేదు, పనిచేయని ఆయుధాన్ని ఇంట్లో పెట్టుకోవడానికి మావయ్య ఒప్పుకోలేదు.

లైసెన్సు సంగతి త్వరగా చెప్పేస్తాను. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం లైసెన్సుదారుకు డెబ్బై ఏళ్లు నిండినా, ఆయుధం ఆయన చేతిలో ఇరవై అయిదేళ్లు ఉన్నా, తాను కోరిన వారసుడికి దానిని ఇప్పించవచ్చు. నాన్నగారికి డెబ్బై ఆరేళ్లు. అన్నదమ్ముల నుంచి అభ్యంతరం లేదన్న అఫిడవిట్లు, డాక్టరు ధ్రువపత్రం, ఆయుధాన్ని భద్రంగా వాడడంలో శిక్షణ పొందినట్టు పత్రం, ఇంట్లో తాళం వేసే ఇనుప అల్మరా ఉందన్న హామీ, ఆ తరువాత పోలీసు విచారణ, చివరికి శ్రీకాకుళం కలెక్టరేటు. మొత్తం ఏడు నెలలు పట్టింది. 2019 సవరణతో ఒక మనిషికి మూడు ఆయుధాల బదులు రెండే అన్నారు కనుక, నాన్నగారు అంతకుముందే ఒక నాటు తుపాకీని అప్పగించి ఉన్నారు. కొత్త రైఫిల్ రావాలంటే రెండింటిలో ఒకటి వెళ్లాలి. పన్నెండు బోరుకు తూటాలు ఎక్కడైనా దొరుకుతాయి. వెళ్లవలసినది మౌజర్ అని అందరికీ తెలుసు, ఆ మాట ఎవరు ముందు అంటారా అని కొన్నాళ్లు ఆగాము.

ముందుగా ఒక పాత విదేశీ రైఫిల్ బేరానికి వచ్చింది. .30-06 బోరు, నేరుగా ఎగిరే తూటా, మీద దుర్బిణీ బిగించుకునే వీలు. 1980ల నుంచి వ్యక్తులు విదేశీ తుపాకులు తెప్పించుకునే దారి దాదాపు మూసుకుపోవడంతో, దేశంలో ఉన్న పాతవి చేతులు మారుతూ బంగారం ధర పలుకుతున్నాయి. చూడగానే నా మనసు పడింది, దాచుకోను. మావయ్య బోల్టు తీసి దాని మీది నంబరునూ, గొట్టం మొదట్లోని నంబరునూ పోల్చారు. రెండూ వేరు. ఎప్పుడో ఎవరో వేరే రైఫిల్ బోల్టు తెచ్చి దీనికి తగిలించారన్నమాట. బోల్టు ముఖానికీ తూటా అడుగుకూ మధ్య ఉండవలసిన సందు వెంట్రుక లెక్కన ఉంటుంది. అది ఎక్కువైతే గుల్ల వెనక్కి సాగి చిరుగుతుంది, కాలే గ్యాసు కాల్చేవాడి ముఖం వైపు రావచ్చు. ఆ సందును కొలిచే గేజీలు అమ్మకందారు దగ్గర లేవు. తూటా ఒక్కొక్కటి ఎంతకు వస్తుందో విన్న తరువాత బేరం అక్కడితో ముగించాము.

మిగిలినది మన ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలు, అంటే ఆర్డినెన్సు ఫ్యాక్టరీలు, చేసే .315. సైన్యం వాడిన .303 బోరు పౌరులకు నిషిద్ధం కనుక, దాదాపు అదే బ్రిటిషు కాలపు లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్ పద్ధతిలో వేరే బోరుతో పౌరుల కోసం చేసిన రైఫిల్ ఇది. 2021 అక్టోబరు 1న ఆర్డినెన్సు ఫ్యాక్టరీ బోర్డును ఏడు సంస్థలుగా విడదీసిన తరువాత ఆయుధాలు కాన్పూరు కేంద్రంగా ఉన్న అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా కింద, తూటాలు పుణె కేంద్రంగా ఉన్న మ్యునిషన్స్ ఇండియా కింద ఉన్నాయి. చూడడానికి మోటుగా ఉంటుంది, మెరుగు తక్కువ. బోల్టును బిగించే చెవులు మౌజర్‌కు ఉన్నట్టు ముందు కాకుండా వెనుక ఉంటాయి. కాగితం మీద చూస్తే మౌజర్ పద్ధతే గట్టిది. అయితే ఈ బోల్టు పిడిని ఎక్కువ ఎత్తు లేపనక్కరలేదు, తొందరగా కదులుతుంది. ఇసుకా, బురదా పడినా సాగుతుందని రెండు ప్రపంచ యుద్ధాల సైనికులు రుజువు చేశారు. అన్నిటికంటె ముఖ్యం, దీని తూటాలు మాకు దగ్గరలో దొరుకుతాయి, పాడైతే బాగుచేసే చేతులు ఉన్నాయి.

పలాసలో రైలెక్కి విశాఖపట్నం వెళ్లాము. దుకాణదారు ఒకే మోడలువి మూడు రైఫిళ్లు బల్ల మీద పెట్టాడు. మూడూ ఒకటే కదా అని నేను అనబోయి మావయ్య ముఖం చూసి ఊరుకున్నాను. ఆయన మొదట ప్రతి దాని బోల్టు తెరిచి ఛాంబరు, అంటే తూటా కూర్చునే చోటు, ఖాళీగా ఉందని కంటితో చూసి, చిటికెన వేలితో తడిమారు. తెల్ల కాగితాన్ని వెలుగుకు వంచి పట్టి గొట్టంలోకి చూస్తే, లోపలి వెలుగు వలయాలు ఒకదానిలో ఒకటి గుండ్రంగా అమరాలి, ఎక్కడైనా కోడిగుడ్డు ఆకారం కనిపిస్తే గొట్టం వంగినట్టు. మొదటి రైఫిల్‌లో వలయాలు సరిగానే ఉన్నాయి గానీ గొట్టం కొసన గురి చూసే మొన, అంటే ముందు గురిమొన, కొంచెం పక్కకు వాలి ఉంది. కొత్త సరుకులో ఇది ఎలా దాటివచ్చిందో నాకు అర్థం కాలేదు. మావయ్యకు మాత్రం ఆశ్చర్యం కలగలేదు, "సానా సూసినాను" అన్నారు.

తరువాత పేలని ఉత్తి తూటాలు అడిగి అయిదు నింపారు. .315 తూటా అడుగున చక్రం వంటి అంచు ఉంటుంది. పై తూటా అంచు కింది తూటా అంచుకు ముందు ఉండేటట్టు నింపాలి, వెనుక పడితే ఒకదానినొకటి పట్టుకుని మేగజైను బిగుసుకుపోతుంది. నేను నింపినప్పుడు మూడోదానికే బిగుసుకుంది. ఆ తప్పు రైఫిల్‌ది కాదు, నాది. సరిగా నింపిన తరువాత ఒకసారి మెల్లగా, ఒకసారి విసురుగా బోల్టు ఆడించి, అయిదు తూటాలూ గొట్టంలోకి వెళ్లి బయట పడుతున్నాయా అని చూశాము. రెండో రైఫిల్ మెల్లగా ఆడించినప్పుడు గుల్లను బయటికి విసరక లోపలే వదిలేసింది. "ఇసురుగా లాగితే వస్తంది కదండీ" అన్నాడు దుకాణదారు. భయంలో ఉన్నవాడు ఎలా లాగుతాడో ముందుగా తెలియదు కదా అని మావయ్య దానిని పక్కన పెట్టేశారు.

మూడోదాని బోల్టు కొత్త కుండలాగ గరగరమంది. నాకు నచ్చలేదు. ఆ గరుకు యంత్రం గీతలదే తప్ప లోపం కాదనీ, కొన్ని వందల సార్లు ఆడిస్తే పోతుందనీ ఆయన నచ్చజెప్పారు. బోల్టు మూసి, ఛాంబరు ఖాళీయే అని మళ్లీ చూసుకుని, నేల మీద రబ్బరు పరచి భుజానికి ఆనించే కర్ర భాగాన్ని దాని మీద గట్టిగా తట్టారు, తూటాను పేల్చే లోపలి ముల్లు పడలేదు. సేఫ్టీ, అంటే తుపాకీ పేలకుండా ఆపే మీట, వేసి ట్రిగ్గర్ నొక్కారు, కదలలేదు. సేఫ్టీ తీసిన తరువాత కూడా ముల్లు దానంతట అది పడలేదు. ట్రిగ్గర్ బరువుగా ఉందని నేను అంటే, తేలిక ట్రిగ్గర్ పందేలలో కాల్చేవాళ్లకు, ఇల్లున్నవాడికి బరువే మేలు అన్నారు. పన్నుతో కలిపి లక్ష రూపాయలు దాటింది. నంబరు లైసెన్సులో ఎక్కించి, కలెక్టరేటులో చూపించి ముద్ర వేయించుకున్నాము. మౌజర్‌ను అనుమతి పత్రంతో అదే దుకాణదారుకు ఇచ్చేశాము. నాన్నగారు ఆ రోజు మాతో రాలేదు.

కాల్చి చూసింది ఒక రేంజిలో, అనుమతి తీసుకుని. ఇసుక మూటల మీద ఆనించి, 50 మీటర్ల దూరంలో, గొట్టం చల్లారడానికి మధ్యలో ఆగుతూ అయిదు తూటాలు కాల్చాను. అయిదూ అరచేతిలో ఇమిడేంత మేరలో పడ్డాయి గానీ, ఆ మేర మొత్తం నల్లచుక్కకు ఎడమ పక్కన జానెడు దూరంలో ఉంది. అది రైఫిల్ తప్పా, నా తప్పా అని తేల్చడానికి మావయ్య కూర్చుని మూడు కాల్చారు, ఆయనవీ అక్కడే పడ్డాయి. అంటే రైఫిల్ నిలకడగా ఉంది, గురిమొన జరపాలి. తూటా ఎడమకు పడితే ముందు గురిమొనను కూడా ఎడమకే జరపాలన్నది నాకు ఎంతసేపటికీ బుర్రకు ఎక్కలేదు. రెండుసార్లు రవ్వంత జరిపాక చుక్క మీదికి వచ్చింది. భుజం మీద మాత్రం రెండు రోజులు నల్లగా కమిలింది.

అంతటితో అయిందనుకున్నాను. వానాకాలం వెళ్లాక అదే రేంజిలో మళ్లీ కాల్చితే తూటాలు చుక్కకు పైగా, కుడికి పోయాయి. గురిమొన కదలలేదు, మరలు వదులు కాలేదు. మావయ్య ఫోనులో విని, పోస్టుకార్డు చీల్చి గొట్టానికీ కింది కర్రకూ మధ్య దూర్చి చూడమన్నారు. కొనేటప్పుడు ఆయన దుకాణంలో అదే చేస్తే కాగితం చివరి వరకు జారింది. ఇప్పుడు జానెడు లోపలికి వెళ్లి ఆగిపోయింది. ఉద్దానం గాలికి కర్ర ఉబ్బి ఒక పక్క గొట్టాన్ని నెడుతోంది. ఆయన వచ్చి కర్ర విప్పి, ఆనిన చోట మసి రాసి గుర్తు పట్టి, ఉప్పుకాగితంతో మెల్లగా అరగదీసి, పచ్చి కర్ర కనిపించిన చోటల్లా అవిసెనూనె మూడు పూతలు పట్టించారు. ఒక్కొక్క పూత ఆరడానికి రోజులు పట్టింది. అవిసెనూనె కర్రకే గానీ ఇనుముకు కాదని నాకు రెండుసార్లు చెప్పి, సీసా మీద కాగితం అంటించి రాసి మరీ వెళ్లారు.

ఇప్పుడు అల్మరాలో రైఫిల్ నూనె సీసా, అవిసెనూనె సీసా వేరు వేరు అరల్లో ఉన్నాయి. నెలకు ఒకసారి గొట్టంలో గుడ్డ లాగుతాను, వానలప్పుడు పది రోజులకు ఒకసారి. గుడ్డ తెల్లగా వస్తే నాన్నగారికి చూపిస్తాను. ఆయన చూసి తల ఊపి, "మౌజర్ బోల్టు ఇంతకంటె మెత్తగా ఉండేది" అంటారు.